నాచు అనే ఒక్క మాట వెనక ఎన్ని వంశాలో

రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్తే మంగమారిపేట దగ్గర సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన రాళ్ళు కనిపిస్తాయి. శిలాతోరణం చూడటానికి వచ్చినవాళ్ళు దాని ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. అమావాస్యకో పున్నమికో ఆటు బాగా తీసినప్పుడు ఇంకాసేపు ఆగితే, రాళ్ళ సందుల్లో నీటిగుంటలు మిగిలి ఉండటం చూడొచ్చు. ఒక్కో గుంటలో పీతలు, నత్తలు, ముట్టుకుంటే ముడుచుకుపోయే సీ అనిమోన్లు, ఒళ్ళంతా ముళ్ళున్న సీ అర్చిన్లు, రాతి కింది నీడలో అంటుకున్న స్పాంజీలు. వాటి చుట్టూ పచ్చవి, ఎర్రవి, గోధుమరంగువి రకరకాల నాచులు. నేను ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్తాను. వీలైనప్పుడల్లా వాళ్ళని ఆ గుంటల దగ్గరికి తీసుకెళ్తుంటాను.

కిందటిసారి పెదజాలారిపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి గుంటలోంచి పల్చటి పచ్చని నాచు ముక్క తీసి, ఎండకి ఎత్తిపట్టి చూస్తూ అడిగింది: "మేడం, కొన్ని కోట్ల ఏళ్ళ కిందట ఇదే కదా ఒడ్డుకెక్కి చెట్టయింది?" పక్కనే ఉన్న అబ్బాయి అందుకున్నాడు: "అవును, అలాగే చేప ఒడ్డుకెక్కి మనమయ్యాం."

అమ్మాయి ప్రశ్నకి జవాబు కాదనే. అబ్బాయి మాట చాలావరకు సరైనదే, కాకపోతే ఏ చేప అని అడగాలి. ఈ రెండు ముక్కలు అక్కడ చెప్పగలిగాను గానీ, ఎందుకో వివరించేలోపు పోటు మొదలై నీళ్ళు పాదాల మీదకి వచ్చేశాయి. ఆ మిగిలిన వివరణే ఇది.

మన ఇళ్ళల్లో పసిబిడ్డని చూడగానే "ఎవరి పోలిక?" అంటాం. పెళ్ళిలో కొత్త మనిషి కనిపిస్తే "ఏ వైపు చుట్టం?" అంటాం. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని ఎవరూ నేర్పక్కర్లేదు. ఒకే కడుపున పుట్టి ఏమాత్రం పోలిక లేనివాళ్ళుంటారు. ఏ సంబంధమూ లేకుండా అచ్చుగుద్దినట్టు ఉండేవాళ్ళూ ఉంటారు. ఇంకో సంగతి, పెదనాన్న కొడుకుని మనం తాత అనం. మా ఇద్దరికీ తాత ఒకడే అంటాం. ఆ తాత ఇప్పుడు లేడు. జీవపరిణామంలో వచ్చే చిక్కుల్లో సగం ఈ రెండు సంగతులూ మర్చిపోవడం వల్ల వచ్చేవే. ఈరోజు గుంటలో కనిపించే ఏ ప్రాణీ మనకి గానీ, ఒడ్డున ఉన్న కొబ్బరిచెట్టుకి గానీ తాత కాదు. అన్నీ వరసకి అన్నదమ్ముల బిడ్డలే. దగ్గర దాయాదులెవరు, దూరపు దాయాదులెవరు అన్నదే తేల్చుకోవాలి.

దీనికి తోడు మన మాట కూడా కొంచెం తికమక పెడుతుంది. సింహాచలం మెట్ల పక్క రాతిగోడ మీద వానాకాలంలో మొలిచే మెత్తటి పచ్చదనం నాచే. చెరువు మీద తేలేదీ నాచే. సముద్రంలో పెరిగేదీ నాచే. కాలు జారిస్తే పాకుడు, తొట్టిలో పడితే పాచి. వాడుకలో ఇబ్బంది లేదు. కానీ ఈ ఒక్క మాట కింద ఎంతెంత దూరపు వంశాలు ఉన్నాయో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

ముందు జంతువుల సంగతి. విశాఖలో కూర్చుని పాత సముద్రజీవుల గురించి మాట్లాడాలంటే ఒక లోటు ఒప్పుకోవాలి. మన కొండల్లో వాటి శిలాజాలు దొరకవు. డాల్ఫిన్స్ నోస్ నుంచి సింహాచలం దాకా ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ అనే రాయి. తూర్పు కనుమల్లో ఉండే ఖోందు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది. ఒకప్పుడు అది నీటి అడుగున పేరుకున్న బురద. దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లో 900 డిగ్రీల దరిదాపు వేడికి మగ్గి, గార్నెట్, సిల్లిమనైట్ స్ఫటికాలున్న గట్టి రాయిగా మారింది. అంత వేడిలో ఏ జీవి ముద్రా మిగలదు. పైగా ఆ బురద పేరుకున్న రోజుల్లో పెంకులూ ఎముకలూ ఉన్న జంతువులే లేవు.

పాత జీవం గుర్తులు చూడాలంటే కడప జిల్లా వెళ్ళాలి. వేంపల్లె సున్నపురాతి పొరల్లో ఉల్లిపాయ కోస్తే కనిపించే చుట్ల లాంటి ఆకారాలుంటాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. దాదాపు 190 కోట్ల ఏళ్ళ కిందటి లోతులేని సముద్రంలో, కంటికి కనిపించని సయనోబాక్టీరియా పొర మీద పొరగా పరుచుకుంటూ మట్టిని పట్టుకుని కట్టిన దిబ్బలవి. ఎండని వాడుకుని ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టింది ఈ సయనోబాక్టీరియానే. దాదాపు 240 కోట్ల ఏళ్ళ కిందట గాలిలో ఆక్సిజన్ చేరడం వాటి పనే. ఈ సయనోబాక్టీరియా మొక్కల కథలో మళ్ళీ వస్తుంది.

కంటికి కనిపించే పెద్ద జీవులు రావడానికి చాలా కాలం పట్టింది. 1946లో రెగ్ స్ప్రిగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దక్షిణ ఆస్ట్రేలియాలో ఎడియాకరా అనే గుట్టల్లో, ఇసుకరాతి మీద గుండ్రటి ముద్రలు చూసి జెల్లీ ఫిష్‌లు అనుకున్నాడు. తర్వాత ప్రపంచంలో చాలా చోట్ల అలాంటివే బయటపడ్డాయి. ఆ కాలానికే ఎడియాకరన్ అని పేరొచ్చింది. 63.5 కోట్ల ఏళ్ళ కిందట మొదలై, సుమారు 54 కోట్ల ఏళ్ళ కిందట ముగిసిన కాలం అది. వాటిలో డికిన్సోనియా అనే ఒక జీవి మడతలు పడ్డ చాపలా ఉంటుంది. నోరు కనపడదు, కాళ్ళు లేవు. జంతువా, శిలీంధ్రమా, ఇంకేదైనానా అని 70 ఏళ్ళు వాదించుకున్నారు. ఆకారాన్ని ఎంత చూసినా తేలలేదు. చివరికి 2018లో రష్యాలోని తెల్లసముద్రం ఒడ్డున దొరికిన, దాదాపు 55.8 కోట్ల ఏళ్ళ నాటి డికిన్సోనియా ముద్రల మీద మిగిలిన పల్చటి పొరని రసాయన పరీక్ష చేస్తే కొలెస్టరాల్ ఆనవాళ్ళు కనిపించాయి. చుట్టూ ఉన్న బురదలో శైవలాల (చెరువు నాచు, సముద్రపు నాచు లాంటి ఆల్గే) కొవ్వు గుర్తులున్నాయి. జీవి ఒంటి మీద మాత్రం కొలెస్టరాలే. అది జంతువుల గుర్తు. మన రక్తపరీక్ష రిపోర్టులో చూసి టెన్షన్ పడే పదార్థమే అంత పాత జీవి వంశాన్ని తేల్చింది.

పోలికని నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ మన దేశంలోనే ఉంది. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహల్లో, పైకప్పు రాతి మీద ఆకులాంటి పెద్ద ముద్ర ఒకటి చూసి, అది డికిన్సోనియా అని 2021లో పరిశోధకులు ప్రకటించారు. మన పత్రికలన్నీ రాశాయి. నేనూ తరగతిలో ఎంతో సంతోషంగా చెప్పాను. ఆ రాళ్ళ వయసు లెక్కే మారిపోయేంత పెద్ద సంగతి అది. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయం బృందం వెళ్ళి చూసేసరికి ఆ ముద్ర రాతిలోంచి ఊడి వస్తోంది. అది కొండతేనెటీగల పాత తేనెపట్టు, కుళ్ళి రాతికి అంటుకుపోయిన మచ్చ. 2023లో ఆ సంగతి అచ్చయింది, మొదట ప్రకటించిన శాస్త్రవేత్త కూడా ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది పిల్లలకి ఈ రెండో సగం కూడా చెప్పాను. సైన్సులో నాకు బాగా నచ్చే ఘట్టాల్లో ఇదొకటి, ఎందుకంటే తప్పు దిద్దుకున్న తీరు అందరి కళ్ళ ముందే జరిగింది.

54 కోట్ల ఏళ్ళ దగ్గర కథ వేగం అందుకుంటుంది. అక్కడ మొదలయ్యే కాలాన్ని కేంబ్రియన్ అంటారు. దాని ఆరంభానికి హద్దురాయిగా 1992లో శాస్త్రవేత్తలు ఎంచుకున్నది పెంకో ఎముకో అనుకుంటాం. నిజానికి అది న్యూఫౌండ్‌లాండ్ రాళ్ళలో ఏదో పురుగు బురదని తవ్వుకుంటూ పోయిన బొరియ. మన ఆర్కే బీచ్ ఇసుకలో పీతల బొరియలు చూసేవాళ్ళకి అదేమంత వింతగా అనిపించదు. కానీ అంతకుముందు సముద్రపు అడుగు కదలిక లేని బాక్టీరియా చాపతో కప్పి ఉండేది. దాన్ని గుచ్చి, కిందకీ పైకీ తవ్వాలంటే కండరం కావాలి, ముందూ వెనకా ఉన్న ఒళ్ళు కావాలి. ఆ బొరియ అలాంటి జంతువు వచ్చిందని చెబుతోంది.

ఆ తర్వాత రెండు మూడు కోట్ల ఏళ్ళలోనే, భూమి లెక్కలో అది చాలా చిన్న వ్యవధి, ఇప్పుడున్న ప్రధాన జంతువంశాలన్నీ దాదాపుగా కనిపిస్తాయి. చైనాలోని చెంగ్‌జియాంగ్‌లో 51.8 కోట్ల ఏళ్ళ నాటివి, కెనడాలోని బర్జెస్ షేల్‌లో 50.8 కోట్ల ఏళ్ళ నాటివి మెత్తటి ఒంటితో సహా దొరికాయి. ఈ హఠాత్తు ఎందుకన్నది 1859లో డార్వినే పెద్ద చిక్కుగా రాసుకున్నాడు. ఆక్సిజన్ పెరగడం, ఒకదాన్నొకటి వేటాడటం మొదలై పెంకులు అవసరం కావడం, కళ్ళు రావడం, తవ్వడం వల్ల సముద్రపు అడుగు మారడం, ఇవన్నీ కలిసే పనిచేశాయని నా అభిప్రాయం. ఒక్కదాన్నే కారణంగా చూపించే వివరణలు నాకు సరిపోవు. పైగా జన్యువుల్లో మార్పుల లెక్క చూస్తే వంశాలు విడిపోవడం అంతకు చాలా ముందే, 60, 70 కోట్ల ఏళ్ళ కిందటే మొదలైందని తెలుస్తుంది. అంటే కేంబ్రియన్‌లో మనకి కనిపించేది పుట్టుక కాదు, శిలాజంగా మిగలగలిగే ఒళ్ళు సంపాదించుకోవడం.

బర్జెస్ షేల్‌ని 1909లో కనిపెట్టిన వాల్కాట్, గుండ్రటి ఒక ముక్కని చూసి జెల్లీ ఫిష్ అన్నాడు. అంతకుముందే దొరికిన ఇంకో ముక్కని రొయ్య ఒళ్ళు అని పేరు పెట్టి ఉన్నారు. 1985 నాటికి గానీ తేలలేదు, రొయ్య అనుకున్నది ఒక పెద్ద వేటజంతువు ముందు కొండి, జెల్లీ ఫిష్ అనుకున్నది అలాంటి జంతువు నోరు అని. ఆ గుంపుకి అనోమలోకారిస్ పేరు నిలిచింది. పీతలూ రొయ్యలూ పురుగులూ ఉన్న వంశానికి అవి పక్క కొమ్మ. అలాంటిదే హల్లుసిజీనియా. 1977లో దాన్ని వర్ణించినప్పుడు ముళ్ళ మీద నడిచేదని తలకిందులుగా గీశారు. 1991లో తిరగేశారు, ముళ్ళు వీపు మీదకి వెళ్ళాయి. 2015లో గానీ తల ఎటుందో తేలలేదు. దాని దాయాదులు ఇప్పటికీ ఉన్నాయి. తడి అడవుల్లో ఆకుల కింద ఉండే, మెత్తటి పొట్టి కాళ్ళున్న వెల్వెట్ పురుగులవి. మన దేశంలో వాటిలో ఒక జాతి 1911లో అరుణాచల్‌లోని సియాంగ్ లోయలో దొరికి, వందేళ్ళకి పైగా కనపడకుండా పోయి, ఈ మధ్యే అదే లోయలో మళ్ళీ కనిపించింది. ఇప్పుడు ఈ వంశంలో ఒక్కటి కూడా సముద్రంలో లేదు. ఎక్కడ నుంచి వచ్చామో ఆ ఇంటిని పూర్తిగా ఖాళీ చేసి వచ్చినవాళ్ళన్నమాట.

ఇప్పుడు మన నీటిగుంట దగ్గరికి వద్దాం. రాతికి అంటుకున్న తెల్లటి బార్నకిల్స్‌ని చూస్తే గుల్లల జాతి అనిపిస్తుంది. శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. 1830లో వాటి పిల్లల్ని గమనించి చూస్తే అవి రొయ్య పిల్లల్లా ఈదుతున్నాయి. బార్నకిల్ రొయ్యకీ పీతకీ చుట్టం. ఇక పీత, సీ అర్చిన్ పక్కపక్కనే ఉంటే వీటిలో మనకి దగ్గర చుట్టం ఏది అని పిల్లల్ని అడుగుతాను. అందరూ పీత అంటారు. దానికి కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, మనల్ని చూసి పరిగెడుతుంది. జవాబు సీ అర్చిన్. దాని అన్న వరస అయిన నక్షత్ర చేప కూడా. తలా తోకా లేని ఆ ముళ్ళ బంతీ మనమూ పిండంగా ఉన్నప్పుడు ఒళ్ళు కట్టుకునే తీరు ఒకటే. మొదట ఏర్పడే రంధ్రం మలద్వారం వైపుకి పోయి, నోరు తర్వాత విడిగా తెరుచుకుంటుంది. జన్యువులూ అదే చెబుతున్నాయి. ఇంకా దగ్గర చుట్టాన్ని చూడాలంటే ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డుకి లాగిన పడవ అడుగు చూడాలి. అక్కడ అంటుకుని ఉండే, నొక్కితే నీళ్ళు చిమ్మే మెత్తటి తిత్తుల్లో సీ స్క్వర్ట్‌లు ఉంటాయి. వాటి పిల్ల తోకకప్పలా ఈదుతుంది, తోకలో పృష్ఠవంశం (నోటోకార్డ్) అనే కడ్డీ, దాని మీద నాడీ తాడు ఉంటాయి. 1866లో కోవలెవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త దాన్ని చూపించాడు. వెన్నెముక ఉన్న జంతువులకి (సకశేరుకాలకి) అన్నిటికన్నా దగ్గరి దాయాది అదేనని 2006లో జన్యువులు తేల్చాయి.

మరి అన్ని జంతువులకీ మూలం? జంతువులు కాని వాటిలో మనకి అతి దగ్గరివి కోయానోఫ్లాజెల్లేట్లు, ఒక్క కణంతో ఉండే సూక్ష్మజీవులు. ఒక తోక, దాని చుట్టూ చిన్న కాలర్ లాంటిది. ఆ తోకతో నీళ్ళని కదిపి బాక్టీరియాని పట్టుకుని తింటాయి. స్పాంజీ లోపల నీళ్ళు తోడే కణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. అందుకే చాలా కాలం స్పాంజీయే మొదట విడిపోయిన జంతువు అనుకున్నాం, పుస్తకాల్లోనూ అలాగే ఉంది. 2008 నుంచి జన్యు పరిశోధనలు కోంబ్ జెల్లీల వైపు చూపిస్తున్నాయి. గాజులా మెరుస్తూ, ఒంటి మీద దువ్వెన పళ్ళ వరసలతో ఈదే ఆ జీవులు మన బంగాళాఖాతంలోనూ ఉన్నాయి. 2023లో క్రోమోజోముల మీద జన్యువుల వరసలు పోల్చి, కోంబ్ జెల్లీలే మొదట విడిపోయాయని ఒక బృందం చూపించింది. వాటికి నాడులూ కండరాలూ ఉన్నాయి, స్పాంజీలకి లేవు. అంటే నాడులు రెండుసార్లు విడివిడిగా పుట్టి ఉండాలి, లేదా స్పాంజీలు ఉన్నవి పోగొట్టుకుని ఉండాలి. ఏదైనా సరే, సాదా నుంచి సంక్లిష్టానికి మెట్లెక్కినట్టు సాగిందనే బొమ్మ ఇక్కడ పగిలిపోతుంది. వాదన ఇంకా ముగియలేదు.

అబ్బాయి చేప మాటకి జవాబు చిన్నదే. 2004లో ఉత్తర కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో దొరికిన టిక్టాలిక్ 37.5 కోట్ల ఏళ్ళ నాటిది. దానికి పొలుసులూ మొప్పలూ ఉన్నాయి, మెడా ఉంది, రెక్కల లోపల మన భుజం, మోచేయి, మణికట్టుకి సాటి వచ్చే ఎముకలున్నాయి. ఇది కండగల రెక్కల చేపల శాఖ. ఆ శాఖలో ఇప్పుడు చేపలుగా మిగిలినవి ఊపిరితిత్తుల చేపలు, సీలకాంత్‌లు. హార్బర్‌లో వేలం పాడే వంజరం, చందువ ఇంకో శాఖవి. ఊపిరితిత్తుల చేపకి వంజరం కన్నా మనమే దగ్గర.

టిక్టాలిక్ కాలానికే గట్టు మీద మొక్కలు వచ్చి దాదాపు 10 కోట్ల ఏళ్ళయింది. ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలోని నాచు దగ్గరికి వద్దాం.

గుంటలో మూడు రంగుల నాచులున్నాయన్నాను. గోధుమరంగువాటిలో సర్గాసం ఒకటి. ఆకుల్లాంటివి, కాండం లాంటిది, తేలడానికి చిన్న గాలిబుడగలు, చూస్తే చెట్టుకొమ్మే అనిపిస్తుంది. కానీ అది మొక్కల వంశమే కాదు. ఏ కాలంలోనో పత్రహరితం లేని ఒక జీవి ఎర్ర శైవలాన్ని మింగి, అరిగించుకోకుండా లోపలే ఉంచుకుంది. గోధుమ నాచులకి ఆకుపచ్చ పని అలా వచ్చింది. వాటి నిజమైన చుట్టాల్లో ఫైటోఫ్తోరా ఉంది. కోనసీమ రైతులకి తెలిసిన కొబ్బరి మొవ్వుకుళ్ళు తెగులు తెచ్చేది దానిలో ఒక రకమే. చుట్టరికం లెక్కలో సర్గాసం కొబ్బరిచెట్టు వైపు కాదు, ఆ చెట్టుని చంపే తెగులు వైపు.

ఎర్రవీ పచ్చవీ మొక్కల పెద్ద వంశంలోవే. ఒక కణం ఒక సయనోబాక్టీరియాని లోపలికి తీసుకుని కాపురం పెట్టించింది. అదే హరితరేణువు అయింది. దానికి ఇప్పటికీ తన సొంత డీఎన్ఏ ఉంది. వేంపల్లె దిబ్బలు కట్టిన జాతే కొబ్బరాకులో కూర్చుని అన్నం వండుతోందన్నమాట. ఆ ఇంట్లోంచి ఎర్రవి ఒక వైపు, పచ్చవి ఒక వైపు విడిపోయాయి. చిత్రకూట్ రాళ్ళలో 2017లో వర్ణించిన 160 కోట్ల ఏళ్ళ నాటి తంతువులు ఎర్ర శైవలాలేనని వాటిని వర్ణించినవాళ్ళు నమ్ముతున్నారు. ఎర్ర నాచుల్లో గ్రాసిలేరియా నుంచి తీసే అగార్ మా ల్యాబ్‌లోనూ వాడతాం.

ఇక అమ్మాయి పట్టుకున్న పచ్చనిది ఉల్వా. మూడింట్లో ఇదే కొబ్బరికి దగ్గర. కానీ ఎంత దగ్గర? పచ్చ శైవలాలు చాలా ముందే రెండు పాయలుగా చీలాయి. ఒక పాయ ఉల్వా లాంటివి, సముద్రంలోని పచ్చ నాచులు దాదాపు అన్నీ ఇందులోవే. చైనాలో 100 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో ఈ పాయ నాచు 2020లో బయటపడింది. అంటే పాయలు విడిపోయింది అంతకన్నా ముందే. రెండో పాయ మంచినీళ్ళది. గట్టు మీది మొక్కలన్నీ, వరి, మామిడి, మర్రి, గోడ మీది నాచు, అన్నీ ఈ రెండో పాయ నుంచే వచ్చాయి. సముద్రంలోంచి నేరుగా నేలమీదకి ఎక్కిన మొక్క లేదు. ఎక్కింది చెరువు గట్టు.

ఆ పాయలో దగ్గరి దాయాది ఎవరు? నేను చదువుకునేటప్పుడు కారా అని చెప్పారు. చెరువుల్లో పెరిగే కారాకి కాండం, కణుపులు, చుట్టూ కొమ్మలు, చూడటానికి మొక్కలాగే ఉంటుంది. అందుకే అది దగ్గరిదని అందరూ నమ్మాం. 2014లో పదుల కొద్దీ మొక్కల, శైవలాల జన్యువుల్ని పోల్చి చూసినప్పుడు ఆ స్థానం స్పైరోగైరా గుంపుకి వెళ్ళింది. ఇంటర్ చదివిన ప్రతివాళ్ళూ మైక్రోస్కోపు కింద చూసి, రిబ్బన్ చుట్టలా ఉండే హరితరేణువు బొమ్మ గీసిన స్పైరోగైరానే. వేళ్ళు లేవు, కాండం లేదు, కణం వెనక కణం పేర్చిన దారం, అంతే. ఇన్నేళ్ళు రికార్డు పుస్తకాల్లో ఆ బొమ్మకి సంతకం పెడుతూ, నాకే తెలియకుండా, మర్రిచెట్టు సొంత దాయాదికి సంతకం పెట్టాను. ముడసర్లోవ వైపు వాననీటి గుంటలో చేయి పెడితే వేళ్ళకి చుట్టుకునే ఆ జిగురు దారం మీద నాకు అప్పటినుంచి వేరే ప్రేమ వచ్చింది.

మంచినీళ్ళే ఎందుకంటే, సముద్రం ఎండిపోదు. వాననీటి గుంట ఎండుతుంది, మళ్ళీ నిండుతుంది, మళ్ళీ ఎండుతుంది. ఎండలో మాడకుండా, తేమ పోకుండా తట్టుకున్నవే మిగులుతాయి. ఆ గుంపులోనే తడి రాళ్ళ మీద, మట్టి మీద బతికే రెండు జాతుల జన్యువులన్నిటినీ 2019లో చదివారు. నేలమొక్కలు ఎండకి తట్టుకోవడానికి వాడుకునే జన్యువుల్లో కొన్ని వీటిలో అప్పటికే ఉన్నాయి. వాటిలో కొన్ని మట్టిలోని బాక్టీరియా నుంచి వచ్చినట్టు కనిపించాయి. వరిపొలం ఎండినప్పుడు ఆకు రంధ్రాల్ని మూసుకోమని చెప్పేది అబ్సిసిక్ ఆమ్లం. ఆ కబురు అందుకునే ప్రొటీన్‌కి మూలం అలాంటి జన్యువే. మూడో ఇంటినుంచి అరువు తెచ్చుకున్న పాత్రతో వంట సాగుతోంది.

గట్టెక్కిన మొక్కలు చేసిన పెద్ద మార్పు ఒకటుంది. స్పైరోగైరా సంతానాన్ని నీళ్ళలో వదిలేస్తుంది. నేలమొక్క పిండాన్ని తల్లి ఒంట్లోనే ఉంచుకుని పోషిస్తుంది. గోడ మీది నాచు నుంచి మామిడి దాకా అన్నీ ఇదే చేస్తాయి, ఆ లక్షణంతోనే వాటిని ఒక వంశంగా గుర్తిస్తాం. పైన మైనపు పొర, ఎండినా చెడని గోడ ఉన్న సిద్ధబీజాలు (స్పోర్లు) తర్వాతి సంపాదన. అలాంటి సిద్ధబీజాలు అర్జెంటీనాలో 47 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలో దొరికాయి. మొక్క ఒళ్ళు మాత్రం అప్పటిది దొరకలేదు. కాండంతో సహా కనిపించేది కుక్సోనియా, దాదాపు 43 కోట్ల ఏళ్ళ కిందటిది. కొన్ని సెంటీమీటర్ల ఎత్తు, ఆకుల్లేవు, వేళ్ళు లేవు, రెండేసిగా చీలే పుల్లలు, కొసన సిద్ధబీజాల బుడిపెలు. 1937లో ఇసబెల్ కుక్సన్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు.

వేళ్ళు లేకుండా రాతినేల మీద ఎలా బతికాయో తెలియాలంటే స్కాట్లండ్‌లోని రైనీ అనే ఊరికి వెళ్ళాలి. 1912లో విలియం మాకీ అనే డాక్టర్ అక్కడి రాళ్ళలో మొక్కల భాగాలు గమనించాడు. 40.7 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ వేడినీటి ఊటలుండేవి. ఆ నీళ్ళలోని సిలికా మొక్కల్లోకి ఇంకి, కణం కణాన్నీ రాయిగా నిలబెట్టేసింది. పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే నిన్న కోసినట్టు కనిపిస్తుంది. ఆ మొక్కల కణాల లోపల చిన్న చెట్టులా చీలికలు చీలికలుగా శిలీంధ్రాలున్నాయి. మట్టిలోంచి ఫాస్ఫరస్ తెచ్చి ఇచ్చి, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకునే శిలీంధ్రాలు ఇలాగే ఉంటాయి. మన రైతులు వామ్ పేరుతో వాడే జీవన ఎరువు సరిగ్గా ఆ జాతే. వేరు పుట్టకముందే పొత్తు కుదిరింది. ఒంటరిగా ఏ మొక్కా నేల మీద నిలబడలేదు. రైనీ రాతిలోనే ఆ పుల్లల మధ్య తిరిగే సాలీడులాంటి చిన్న జీవులు, పురుగులు కూడా ఉన్నాయి. చేపలకన్నా ముందే అవి కాపురానికి వచ్చేశాయి.

తర్వాతిది అందరికీ కొంత తెలిసిన కథే. 39 కోట్ల ఏళ్ళ నాటికి అడవులు, ఆ తర్వాత విత్తనాలు, గోదావరి లోయ బొగ్గుగా మిగిలిన గ్లోసోప్టెరిస్ చెట్లు, చాలా ఆలస్యంగా పూలు.

నేలమొక్కల్లో కొన్ని మళ్ళీ ఉప్పునీళ్ళవైపు తిరిగాయి. మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట మిగిలిన మడచెట్లు సగం దారి వెళ్ళాయి. పూర్తిగా వెళ్ళినవి సముద్రపు గడ్డి. చిల్కాలో, పులికాట్‌లో నీటి అడుగున పచ్చగా పరుచుకుని ఉంటాయి. అవి నాచు కాదు. వేళ్ళున్నాయి, నీళ్ళలోనే పూస్తాయి, విత్తనం కడతాయి. 2016లో ఒక సముద్రపు గడ్డి జన్యువులన్నీ చదివితే, ఆకు రంధ్రాలు చేసే జన్యువులు పోయాయి, అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుకునేవి పోయాయి. గట్టు మీద కష్టపడి సంపాదించినవి ఒక్కొక్కటే వదిలేసింది. కణం గోడలో మాత్రం సముద్రపు నాచుల్లో ఉండే రకం గంధకపు చక్కెరలు కొత్తగా చేరాయి. పైకి గడ్డిలా ఉంటుంది, గోడ నాచులా ఉంటుంది. దాని చుట్టాలు వరీ కాదు, ఉల్వా కాదు. వంశంలో దానికి దగ్గరివి మన పెరట్లో పెరిగే చామ, కంద.